టీవీకి పంపిన ట్రాక్ రిజెక్ట్ అయి తిరిగొస్తే ఏం చేయాలి

లాస్ ఏంజిల్స్‌కీ మనకీ 12న్నర గంటల తేడా, చలికాలంలో అయితే 13న్నర, అంటే అక్కడ ఆఫీసులో కూర్చుని మెయిల్స్ చూసే టైముకి మనం అన్నం తిని పక్కలెక్కేస్తాం, అందుకే టీవీ షోలకి మ్యూజిక్ అందించే అమెరికా మ్యూజిక్ లైబ్రరీలకి ట్రాక్‌లు పంపే మనవాళ్ళకి ఆన్సర్ ఎప్పుడూ రాత్రి పదింటికీ తెల్లారి ఆరింటికీ మధ్యలోనే వస్తుంది. నాకు మొదటి రిజెక్షన్ వచ్చింది రాత్రి రెండింటికి. పక్కన పాప పడుకుని ఉంది, ఫోన్ వెలుగు తన మొహం మీద పడకుండా దుప్పటి ముసుగేసుకుని చదివా. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ రెండు గంటల చొప్పున మూడు వారాలు కూర్చుని చేసిన ట్రాక్ అది, మూడు లైన్లలో తేల్చేశారు. నిద్ర పట్టలేదు, లేచి లాప్‌టాప్ తీసి "మీరు ట్రాక్ పూర్తిగా విన్నట్టు లేరు" అని మొదలుపెట్టి పెద్ద మెయిల్ కొట్టి పంపేశా. ఆ లైబ్రరీ నుంచి ఇప్పటిదాకా మళ్ళీ ఒక్క మెయిల్ రాలేదు. తప్పు నాదే, ఆ రాత్రి నేను చేసినట్టు ఇంకొకరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నా.

టీవీ షోల్లో, సిరీస్‌లలో, యాడ్స్‌లో వాడుకోవడానికి మన సొంత మ్యూజిక్‌ని లైసెన్స్ ఇవ్వడం, దాన్నే సింక్ అంటారు, ఇందులో "నో" అనేది రోజువారీ వ్యవహారం. అది వచ్చినప్పుడు ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో చెప్తా.

ముందు మెయిల్ సంగతి. సబ్మిషన్ స్టేటస్ అని ఆటోమేటిక్‌గా వచ్చే మెయిల్స్ అన్నీ విడిగా ఒక ఫోల్డర్‌లోకి వెళ్ళేలా ఫిల్టర్ పెట్టండి, నోటిఫికేషన్ ఆపేయండి, శనివారం పొద్దున టిఫిన్ అయ్యాక తీరిగ్గా కూర్చుని అన్నీ ఒకేసారి చదవండి. మనిషి పేరుతో నేరుగా వచ్చే మెయిల్స్‌కి మాత్రం ఈ ఫిల్టర్ వద్దు, స్టెమ్స్ (ఒక్కో వాయిద్యం విడిగా ఉన్న ఫైల్స్) ఉన్నాయా, సింగర్ సంతకం ఉందా అని అడిగే మెయిల్ వస్తే దానికి గంటల్లో ఆన్సర్ ఇవ్వాలి, లేటైతే ఛాన్స్ పోతుంది, ఆ కథ కింద చెప్తా.

రిజెక్షన్ చదివిన రోజు రిప్లై ఇవ్వకండి. ట్రాక్ డిలీట్ చేయకండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే నాకు తెలిసిన కీబోర్డ్ ప్లేయర్ అన్న ఒకాయన ఉన్నాడు, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయిస్తాడు, చెయ్యి అద్భుతం, ఆయన ఒక రిజెక్షన్ వచ్చిన రాత్రే ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తం తీసేశాడు. "ఎందుకన్నా తీసేశావు" అంటే "మళ్ళీ కళ్ళబడితే ఒళ్ళు మండుతోందిరా" అన్నాడు. నాలుగు నెలలకి అచ్చం అలాంటి ట్రాకే కావాలని వేరే చోట బ్రీఫ్ (ఎలాంటి మ్యూజిక్ కావాలో చెప్పే నోట్) వచ్చింది, నేనే ఫోన్ చేసి చెప్పా, ఆయన దగ్గర వాట్సాప్‌లో నాకు పంపిన ఎంపీ3 తప్ప ఏమీ మిగల్లేదు, స్టెమ్స్ లేవు, క్వాలిటీ తగ్గించని వేవ్ ఫైల్ లేదు. ఫోన్‌లో ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు.

బాధ పడటంలో తప్పేం లేదు, బాధ లేకపోతే ఆ ట్యూన్‌కి మనం ఏమీ పెట్టలేదన్నట్టే. కాకపోతే కొన్ని ట్యూన్లు అసలు ఈ దారిలో పంపొద్దు అని నా గట్టి అభిప్రాయం. మా నాన్నగారు పోయిన ఏడాది ఒక వీణ పీస్ చేశా, అది ఒక డ్రామా బ్రీఫ్‌కి పంపితే "మరీ బరువుగా ఉంది, సీన్‌ని మింగేస్తుంది" అని తిరిగొచ్చింది. వాళ్ళు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టే, సీన్ కింద పడి ఉండటానికి చేసింది కాదు అది. కానీ నాకు వారం రోజులు కీబోర్డ్ ముట్టుకోబుద్ధి కాలేదు. అప్పట్నుంచి నా దగ్గర రెండు ఫోల్డర్లు, ఒకటి పంపడానికి చేసేవి, ఇంకోటి నాకోసం చేసుకునేవి, రెండో దాంట్లోంచి ఏదీ ఎవరికీ సబ్మిట్ చేయను.

అసలు "నో" చెప్పేది ఎవరు

ఇది తెలిస్తే సగం భారం దిగుతుంది. మన ట్రాక్ మొదట లైబ్రరీలో స్క్రీనింగ్ చేసే మనిషి వింటారు, అక్కడ ఓకే అయితే కేటలాగ్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి షోలో ఎక్కడ ఏ పాట పెట్టాలో చూసే మ్యూజిక్ సూపర్‌వైజర్ గానీ ఎడిటర్ గానీ వెతికినప్పుడు కనపడుతుంది, సూపర్‌వైజర్ ఒక్కో సీన్‌కి ఒకటి కాదు, చాలా పాటలు పెట్టి చూపిస్తారు, అందులోంచి డైరెక్టర్, ప్రొడ్యూసర్, ఒక్కోసారి ఛానెల్ వాళ్ళు కూడా కలిసి ఒకటి తేలుస్తారు. దీనికి తోడు ఎడిటర్ సీన్ కట్ చేసుకునేటప్పుడే కింద ఏదో ఒక పాట తాత్కాలికంగా వేసుకుంటారు, టెంప్ ట్రాక్ అంటారు దాన్ని, వారాల తరబడి అదే వింటూ ఉంటే అందరి చెవులూ దానికే అలవాటు పడిపోతాయి, ఇక ఎంత మంచి ట్రాక్ వచ్చినా "అదే బాగుంది" అంటారు. మన సినిమాల్లో ట్యూన్ సిట్టింగ్‌లో రిఫరెన్స్ పాటకి డైరెక్టర్ అతుక్కుపోవడం చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఇన్ని చేతులు మారే దాంట్లో వచ్చిన నో మన మీద తీర్పు కాదు, ఆ ఒక్క సీన్‌కి, ఆ వారానికి, ఆ బడ్జెట్‌కి సంబంధించిన మాట.

అలాగని ప్రతి రిజెక్షన్‌కీ "వాళ్ళకి టేస్ట్ లేదు" అనుకుంటే కూడా మునిగిపోతాం. చేయాల్సిన పని ఏంటంటే వచ్చిన నో ఏ రకమో తేల్చుకోవడం, ఎందుకంటే ఒక్కోదానికి మందు వేరు. బ్రీఫ్‌కి సరిపోలేదు అంటే ట్రాక్‌ని ముట్టుకోకుండా వేరే బ్రీఫ్ కోసం ఉంచాలి. ప్రొడక్షన్ బాలేదు, మిక్స్ సరిగా లేదు అంటే ఫైల్ ఓపెన్ చేయాలి. స్ట్రక్చర్ కుదరలేదు అంటే కత్తెర పట్టాలి. రైట్స్ క్లియర్‌గా లేవు అంటే కాగితాలు పట్టాలి. "బాగుంది కానీ ఇలాంటివి మా దగ్గర ఇప్పటికే చాలా ఉన్నాయి" అంటే అదే ట్రాక్ వేరే లైబ్రరీకి అదే రోజు పంపొచ్చు. ఇక అసలు ఆన్సరే రాకపోవడం ఒకటుంది, అన్నిటికంటే ఎక్కువ వచ్చేది అదే.

ఇంకో మాట, ఒకే కామెంట్ ముగ్గురు వేర్వేరు మనుషుల నుంచి వచ్చిందంటే వాదించకుండా ఒప్పుకోండి. ఒక్కరే అన్నారంటే రాసిపెట్టుకుని పక్కన పెట్టండి, అప్పుడే ట్రాక్ మార్చేయకండి.

మనవాళ్ళకి ఎక్కువ తగిలే దెబ్బ: స్ట్రక్చర్

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే నాకు వచ్చిన రిజెక్షన్లలో నిజంగా పనికొచ్చినవన్నీ దీని గురించే. మనం పెరిగిందే పాటల్లో. మొదట ఒక ప్రిల్యూడ్, పల్లవి, తర్వాత ఇంటర్‌లూడ్‌లో వయొలిన్స్ ఎటో వెళ్ళి వస్తాయి, చరణంలో మూడ్ మారుతుంది, రెండో ఇంటర్‌లూడ్‌లో ఇంకో రంగు, అలా నాలుగున్నర నిమిషాల్లో నాలుగు ప్రపంచాలు చూపించడమే మనకి గొప్ప. టీవీ క్యూకి, అంటే సీన్ కింద వచ్చే మ్యూజిక్ ముక్కకి, కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. మొదటి సెకన్ నుంచి చివరి దాకా ఒకటే మూడ్, అదే మెల్లగా పెరగాలి, మధ్యలో ఇంకో భావం రాకూడదు, ఎందుకంటే ఎడిటర్ దాంట్లోంచి పద్నాలుగు సెకన్లో ఇరవై సెకన్లో ఎక్కడ కోసుకున్నా అదే ఫీల్ ఉండాలి.

నా డప్పు ట్రాక్ సంగతి చెప్తా. ఒక ఫుడ్, ట్రావెల్ షోకి బ్రీఫ్ వచ్చింది, హుషారైన ఇండియన్ పెర్కషన్ కావాలి, ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు, వోకల్స్ వద్దు, బటన్ ఎండింగ్ కావాలి. నేను పంపింది 3 నిమిషాల 40 సెకన్లు. మొదట 28 సెకన్లు మోహనలో ఫ్లూట్ ఆలాపన, తర్వాత డప్పు ఎంటర్ అవుతుంది, మధ్యలో ఫ్లూట్ సింధుభైరవిలోకి వెళ్ళి కళ్ళు చెమర్చేలా ఒక బిట్, మళ్ళీ డప్పు, చివర్లో ఫేడ్ అవుట్. నాకు ఆ సింధుభైరవి బిట్ అంటే ప్రాణం. ఆన్సర్ ఏం వచ్చిందంటే, ప్లేయింగ్ చాలా బాగుంది, అసలు విషయం మొదలవడానికి చాలా టైం పడుతోంది, మధ్యలో మూడ్ దుఃఖంలోకి వెళ్తోంది, మాటల కింద మెలొడీ అడ్డొస్తుంది.

రెండు వారాలు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఫైల్‌ని "సేవ్ యాజ్" కొట్టి కాపీ మీద పని మొదలుపెట్టా, ఒరిజినల్ అలాగే ఉంచా, ఇది అందరూ చేయండి. ఆలాపన మొత్తం తీసేశా, డప్పు మొదటి సెకన్‌లోనే పడేలా పెట్టా. ఫ్లూట్ మెలొడీలో నుంచి మూడు స్వరాల ముక్క ఒకటి మాత్రం ఉంచి నాలుగు బార్లకి ఒకసారి పలికేలా చేశా, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో ఎవరో మాట్లాడతారు కదా. ప్రతి ఎనిమిది బార్ల తర్వాత అర బార్ గ్యాప్, ఎడిటర్ కోసుకోవడానికి. ఎనిమిది బార్లకి ఒక వాయిద్యం చొప్పున కలుపుకుంటూ వెళ్ళా, ముందు డప్పు ఒక్కటే, తర్వాత బాస్, తర్వాత చప్పట్లు, తర్వాత ఘటం. చివర ఫేడ్ అవుట్ పీకేసి, మృదంగం వాళ్ళు ముక్తాయింపు వేసి సమం మీద దించుతారు చూడండి, అలా దించి ఒక్క దెబ్బతో ఆపేశా. బటన్ ఎండింగ్ అంటే అదే, షోలో బ్రేక్‌కి వెళ్ళే చోట, సీన్ మారే చోట వాళ్ళకి ఆ దెబ్బ కావాలి, ఫేడ్ అవుట్ ఇస్తే దాంతో వాళ్ళేం చేసుకోలేరు. మొత్తం 1 నిమిషం 52 సెకన్లు వచ్చింది. ఆ వెర్షన్ వేరే లైబ్రరీకి పంపితే ఐదు నెలల తర్వాత తీసుకున్నారు. సింధుభైరవి బిట్ ఇప్పుడు విడిగా ఇంకో ట్రాక్ అయింది, ఎమోషనల్ డ్రామా బ్రీఫ్ కోసం దాచిపెట్టా.

మాటల కింద మెలొడీ అడ్డొస్తోంది అనే కామెంట్ వస్తే ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. మ్యూజిక్ లేకుండా ఒకళ్ళు మాట్లాడుతూ వంట చేసే వీడియో ఏదైనా యూట్యూబ్‌లో పెట్టండి, ఇంకో స్పీకర్లో మీ ట్రాక్ చిన్నగా ప్లే చేయండి. ఉల్లిపాయలు ఎంతసేపు వేయించమన్నారో మీకు అర్థమైందా లేక మధ్యలో మీ చెవి ఫ్లూట్ వెనకాల వెళ్ళిపోయిందా చూడండి. మనిషి మాట స్పష్టంగా వినపడటానికి కావాల్సిందాంట్లో ఎక్కువ భాగం దాదాపు 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యలో ఉంటుంది, ఫ్లూట్, నాదస్వరం, షెహనాయి కూడా అక్కడే గట్టిగా పలుకుతాయి, అందుకే గొడవ. ఈక్యూలో ఆ ఫ్రీక్వెన్సీలు తగ్గించినంత మాత్రాన ఇది పోదు, రాసేటప్పుడే స్వరాలు తగ్గించుకోవాలి, లేదా మెలొడీ లేని వెర్షన్ ఇంకోటి ఇవ్వాలి. నేను ఇప్పుడు ఏ ట్రాక్ చేసినా ఫుల్ మిక్స్, మెలొడీ తీసేసింది, డ్రమ్స్ తీసేసింది, 60 సెకన్లది, 30 సెకన్లది, ఇవన్నీ ఒకేసారి బౌన్స్ చేసి, అంటే ఫైల్స్‌గా తీసి పెట్టుకుంటా, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ వేవ్‌లో, వీడియో వాళ్ళు వాడేది అదే కాబట్టి.

ఇక "సౌండ్స్ ఫేక్‌గా ఉన్నాయి" అనే కామెంట్. సితార్ లూప్ ప్యాక్ నుంచి తీసుకుని వేశామంటే వాళ్ళు అదే లూప్ ఆ వారంలో పదిసార్లు విని ఉంటారు. మనకి ఉన్న బలం ఏంటి, పక్క వీధిలో నిజమైన డప్పు కళాకారుడు ఉంటాడు, గుళ్ళో నాదస్వరం వాయించే ఆయన ఉంటాడు. ఒక మంచి మైక్ పెట్టి రెండు గంటలు రికార్డ్ చేసుకుంటే అమెరికాలో కూర్చున్నవాళ్ళకి దొరకనిది మన చేతిలో ఉంటుంది. ఆయనకి డబ్బులు అక్కడికక్కడే ఇవ్వండి, సంతకం కూడా అక్కడికక్కడే తీసుకోండి.

కాగితాల వల్ల పోయిన ఛాన్స్

ఆ సంతకం సంగతే ఇప్పుడు. ఒకసారి ఒక స్నేహితురాలు హమ్మింగ్ పాడిన ట్రాక్‌కి నేరుగా ఒక మనిషి నుంచి మెయిల్ వచ్చింది, సీన్‌కి పెట్టి చూస్తున్నాం, సింగర్ రిలీజ్ (తన గొంతు వాడుకోవచ్చని సింగర్ సంతకం చేసిచ్చే కాగితం) కాపీ ఈరోజే పంపగలరా అని. నా దగ్గర లేదు. "మన మధ్య కాగితాలేంటి" అనుకుని తీసుకోలేదు. ఆ అమ్మాయి అప్పటికి పెళ్ళయి వేరే దేశం వెళ్ళిపోయింది, ఫోన్ నంబర్ మారింది, వాళ్ళ అమ్మగారికి చేసి, కొత్త నంబర్ తీసుకుని, తను లేచాక సంతకం పెట్టి స్కాన్ చేసి పంపేసరికి రెండు రోజులు అయింది. "థాంక్యూ, వేరే పాటతో వెళ్ళిపోయాం" అని వచ్చింది. పాట నచ్చి కూడా పోయింది చూశారా, నాకు ఇప్పటికీ ఎక్కువ బాధ కలిగించేది అదే.

ఎందుకంత కంగారు అంటే, ఒక పాటని టీవీలో వాడాలంటే వాళ్ళకి రెండు హక్కులు కావాలి, ట్యూన్, సాహిత్యానికి ఒకటి, ఆ రికార్డింగ్‌కి ఇంకోటి, మాస్టర్ అంటారు. రెండూ ఒకే మనిషి దగ్గర క్లియర్‌గా ఉంటే దాన్ని వన్ స్టాప్ అంటారు, టైం లేని సూపర్‌వైజర్‌కి ఆ మాట చాలా విలువైనది. పేరున్న పాటలోంచి ఒక చిన్న శాంపిల్ పర్మిషన్ లేకుండా వేసినా ఇక ఆ ట్రాక్ ఎవరూ ముట్టుకోరు. కలిసి చేసిన ట్రాక్ అయితే ఎవరికెంత శాతం అనేది చేసిన రోజే రాసుకోండి.

మెంబర్‌షిప్ కూడా ముందే చేసుకోండి. మన దేశంలో కంపోజర్లకి, లిరిసిస్టులకి రాయల్టీ వసూలు చేసే సంస్థ ఐపీఆర్ఎస్, 1969 నుంచి ఉంది, అమెరికాలో ఉన్న మనవాళ్ళైతే అక్కడి అలాంటి సంస్థలైన ఆస్క్యాప్‌లోనో బీఎమ్ఐలోనో చేరతారు. చేరితే మనల్ని గుర్తుపట్టడానికి ఐపీఐ అని ఒక నంబర్ వస్తుంది, లైబ్రరీ ఫారాల్లో అది అడుగుతారు, షో టెలికాస్ట్ అయ్యాక అందులో ఏ మ్యూజిక్ ఎవరిదో రాసి వేసే క్యూ షీట్‌లో మన పేరు ఎదురుగా అదే పడాలి, లేకపోతే ట్రాక్ వాడినా రాయల్టీ మన దాకా రాదు.

ఫైల్ పేరు "ఫైనల్ న్యూ 3" అని పెట్టి పంపకండి. ట్రాక్ పేరు, మీ పేరు, టెంపో, మూడ్, మెయిల్ ఐడీ ఇవన్నీ ఎంపీ3 మెటాడేటాలో నింపండి, వేవ్ ఫైల్‌లో ఇవి సరిగా నిలవవు కాబట్టి వినడానికి 320 కేబీపీఎస్ ఎంపీ3, అడిగితే వేవ్. అటాచ్‌మెంట్ పెట్టొద్దు, లింక్ పెట్టండి, మూడు రోజులకి ఎక్స్‌పైర్ అయిపోయే లింక్ మాత్రం కాదు, వాళ్ళు నెల తర్వాత ఓపెన్ చేస్తే ఖాళీ పేజీ వస్తుంది, మనకేమో రిజెక్ట్ అయిందనిపిస్తుంది, వాళ్ళు అసలు వినలేదు.

హోల్డ్ అని చెప్పి వదిలేస్తే

అన్నిటికంటే కష్టమైనది ఇది. "మీ ట్రాక్ ఒక ఎపిసోడ్‌కి హోల్డ్‌లో ఉంది" అని వస్తుంది, అంటే వాడొచ్చేమోనని పక్కన పెట్టుకున్నారు, ఇంట్లో అందరికీ చెప్పేస్తాం, అమ్మ దేవుడి దగ్గర దీపం పెడుతుంది, తమ్ముడు షో ఎప్పుడొస్తుందో వెతుకుతాడు. తర్వాత ఏ కబురూ ఉండదు. ఎపిసోడ్ వచ్చాక చూస్తే మన ట్రాక్ ఉండదు, ఒక్కోసారి ఆ సీనే ఉండదు. నాకు ఇది రెండుసార్లు జరిగింది, రెండోసారి అమ్మ "ఏమైంది నాన్నా ఆ పాట" అని అడిగినప్పుడు ఏం చెప్పాలో తెలియలేదు. అప్పట్నుంచి లైసెన్స్ కాగితం మీద సంతకం పడేదాకా ఇంట్లో చెప్పడం మానేశా. దాచిపెట్టడం కాదిది, వాళ్ళ ఆశని కూడా మోయాల్సి వస్తే మనం తొందరగా అలిసిపోతాం. హోల్డ్ మాట లాగ్‌లో (సబ్మిషన్లు రాసుకునే షీట్, కింద చెప్తా) రాసుకుని ఆ సాయంత్రమే ఇంకో ట్రాక్ మీద కూర్చోండి. కాకపోతే ఒకటి, హోల్డ్ దాకా వెళ్ళిందంటే ఆ సూపర్‌వైజర్‌కి మీ సౌండ్ నచ్చింది, ఆ మనిషి పేరు, షో, తేదీ రాసి ఉంచండి, మళ్ళీ అలాంటి ట్రాక్ చేసినప్పుడు మొదట పంపాల్సింది అక్కడికే.

ఆన్సర్ రాకపోతే నాలుగు వారాలు ఆగి ఒక్కసారి రెండు లైన్లలో అడగొచ్చు. రెండోసారి అడగొద్దు. కొత్త ట్రాక్ ఉన్నప్పుడు కొత్త మెయిల్ పెట్టండి, పాత దాని ఊసు ఎత్తకండి.

నోల మధ్యలో వచ్చే "ఎస్"తో జాగ్రత్త

పది నోలు తిన్నాక ఎవరైనా "సెలెక్ట్ అయింది" అంటే ఏడుపొస్తుంది, నిజంగా, ఆ టైంలో మన కళ్ళకి ఏమీ కనపడదు. సెలెక్ట్ అయింది, ప్లేస్‌మెంట్ ఫీజు కింద ఇన్ని డాలర్లు కట్టండి అంటే కట్టకండి, లైసెన్స్ అంటేనే వాళ్ళు మనకి ఇచ్చేది. సబ్మిషన్‌కి చిన్న ఫీజు తీసుకుని వినిపించే సర్వీసులు వేరు, అవి పద్ధతిగా నడిచేవి ఉన్నాయి, అక్కడ మనం కొనుక్కునేది వాళ్ళ చెవి, ఒక్కోసారి వాళ్ళ కామెంట్, అంతకు మించి ఏ గ్యారంటీ లేదని తెలిసి కట్టాలి. నెలకి ఇంత అని లెక్క పెట్టుకోండి, నేనైతే కోపంలో ఉన్న రోజు ఒక్క సబ్మిషన్ కూడా కొట్టను, బ్రీఫ్ చదవకుండా అన్నిటికీ పంపేది ఆ రోజుల్లోనే.

అగ్రిమెంట్ కూడా అంతే. ఎక్స్‌క్లూజివ్ అంటే ఆ ట్రాక్ ఇంకెవరికీ ఇవ్వలేరు, ఎన్నేళ్ళకి అనేది చూడండి, ఇన్నేళ్ళలో ఎక్కడా వాడకపోతే తిరిగి మనకి వచ్చేస్తుంది అనే క్లాజ్ ఉందా చూడండి, లేకపోతే అడగండి. రైటర్స్ షేర్, అంటే రాయల్టీలో ట్యూన్ చేసినవాళ్ళకి వచ్చే వాటా కూడా రాసివ్వమంటే అక్కడితో ఆపేయండి. మన కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం సినిమాల్లో, రికార్డింగుల్లో వాడే ట్యూన్, సాహిత్యం రాసినవాళ్ళకి రాయల్టీలో సమాన వాటా ఉంటుంది, దాన్ని వారసులకో, వసూలు కోసం కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడం కుదరదు. అగ్రిమెంట్‌లో కాలం రాయకపోతే 5 ఏళ్ళు అనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే అనీ అదే చట్టం చెప్తుంది. అమెరికా కంపెనీ పెట్టే అగ్రిమెంట్ వాళ్ళ చట్టం కింద ఉంటుంది, అందుకని పెద్దదైతే లాయర్‌కి చూపించండి, ఒక్క సిట్టింగ్ ఫీజు అవుతుంది, కట్టడం మంచిదే.

మన తెలుగు ఛానెల్స్ సంగతి అడుగుతుంటారు. నేను చూసినంతలో సీరియల్‌కి టైటిల్ సాంగ్, ఆర్ఆర్ (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్) చేసే కంపోజర్ విడిగా ఉంటారు, రెడీమేడ్ ట్రాక్ బయట నుంచి లైసెన్స్ తీసుకోవడం తక్కువ, కాబట్టి అక్కడ పంపాల్సింది ట్రాక్ కాదు, మనం చేసిన పని నాలుగు ముక్కలు, అదీ నేరుగా ఆ కంపోజర్ దగ్గరికే.

లాగ్ షీట్, రిప్లై

ఒక షీట్ పెట్టుకోండి, తేదీ, ట్రాక్, ఎవరికి, బ్రీఫ్‌లో ఏం అడిగారు, ఏం వచ్చింది, వాళ్ళు వాడిన మాటలు ఉన్నదున్నట్టు. మన మాటల్లో రాస్తే "నచ్చలేదు" అని రాసేస్తాం, వాళ్ళు నిజంగా రాసింది "ఈ సీన్‌కి వేగం ఎక్కువ" అయి ఉంటుంది. ఆరు నెలలకోసారి ఆ కాలమ్ ఒక్కటే పై నుంచి కిందకి చదవండి. నాది చదివినప్పుడు "ఇంట్రో" అనే మాట మళ్ళీ మళ్ళీ కనపడింది, నాకు ఆలాపన పిచ్చి ఉందని పదేళ్ళుగా మా గురువుగారు చెప్తున్నది ఆ షీట్‌తో ఒప్పుకున్నా. క్రిస్మస్ ట్రాక్ డిసెంబర్‌లో పంపి నో తెచ్చుకున్నది కూడా అందులో ఉంది, అవి ఎండాకాలం, వానాకాలంలోనే సిద్ధంగా ఉండాలి.

ఇక రిప్లై. చదివిన తర్వాత కనీసం ఒక రోజు ఆగి, అదీ మనిషి పేరుతో కామెంట్ రాసి పంపినవాళ్ళకి మాత్రమే. "టైం తీసుకుని విన్నందుకు థాంక్యూ. ఇంట్రో గురించి మీరు చెప్పింది అర్థమైంది, తర్వాతి ట్రాక్‌లో అది చూసుకుంటాను." అంతే రాయండి, కింద పేరు, ఒక లింక్. సరిచేసిన వెర్షన్ అదే మెయిల్‌లో పెట్టకండి, వాళ్ళు అడగలేదు. పంపాక లాగ్‌లో తేదీ వేసి, ఆ రాత్రికి ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టి పడుకోండి.